సేవకూ ఒక చదువు

పెళ్ళిళ్ళలోనూ, రైలు ప్రయాణాల్లోనూ పెద్దవాళ్ళు నలుగురు కలిస్తే, కుశలప్రశ్నలయ్యాక తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "మీ పిల్లలు ఏం చదువుతున్నారండీ?" ఇంజనీరింగు అంటే అడిగినవారు తృప్తిగా తల వూపుతారు. డాక్టరీ అంటే కాస్త గౌరవంగా చూస్తారు. అమెరికాలో ఎమ్మెస్ అంటే తమ ఎరుకలో వున్న సంబంధాలు జ్ఞాపకం చేసుకుంటారు. "మా అమ్మాయి సోషల్ ఆంట్రప్రెన్యూర్‌షిప్‌లో ఎమ్మే చేస్తోంది" అంటే మాత్రం సంభాషణ కొంచెం తడబడుతుంది.

"అంటే ఏమిటండీ?"

"ప్రజలకు ఉపకారం చేసే వ్యాపారం ఎలా నడపాలో నేర్పుతారట."

అడిగినాయన మర్యాదస్థుడైతే "బాగుంది" అని వూరుకుంటాడు. కాని ఆయన మనసులో రెండు సందేహాలు మిగిలిపోతాయి. ఉపకారమైతే అంత ఫీజు కట్టి చదవడమెందుకు? వ్యాపారమైతే దానికి ఉపకారమని పేరెందుకు? ఇక కన్నవారికి మూడో సందేహం కూడా వుంటుంది: రేపు ఈ చదువు తిండి పెడుతుందా?

మూడూ న్యాయమైన సందేహాలే. ఒక్కొక్కటే చూద్దాం.

చలివేంద్రమూ, సోడా కొట్టూ

మండు వేసవిలో చలివేంద్రం పెట్టినాయన బాటసారి దాహం తీరుస్తాడు, కానీ పుచ్చుకోడు. ఆయన చేతిలో సొమ్ము ఆడినంతకాలం కుండలో నీళ్ళుంటాయి. ఆయన తరువాత కొడుకులకు ఆ బుద్ధి లేకపోతే కుండ బోర్లిస్తారు. ఎదురుగా సోడా కొట్టువాడూ దాహమే తీరుస్తాడు; కాని డబ్బున్నవాడి దాహమే. అతని కొట్టు ఏటికేడాదీ నడుస్తుంది.

ఈ రెండింటికీ మధ్య మూడో దారి ఒకటుంది. తలపెట్టిన పని ఉపకారానికి సంబంధించినదే. కాని దాని ఖర్చు అది సంపాదించుకోవాలి. మిగిలిన లాభం తిరిగి ఆ పనిలోకే పోవాలి, లేదా ఆ పని చేసే బీదవారికే చెందాలి. స్థూలంగా దీనినే సోషల్ ఆంట్రప్రెన్యూర్‌షిప్ అంటున్నారు. మనం సేవావ్యాపారం అనుకుందాం.

పేరు కొత్తదే కాని పని పాతదే. 1959లో బొంబాయిలో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడమీద కూర్చుని అప్పడాలు వత్తడం మొదలుపెట్టారు. అదే ఇవాళ దేశమంతా ఎరిగిన లిజ్జత్ పాపడ్. అందులో అప్పడాలు వత్తే స్త్రీలు కూలివారు కారు, భాగస్వాములు. ఆ ఏడుగురిలో ఎవరూ ఈ పేరుతో ఏ యూనివర్సిటీలోనూ చదవలేదు. మరి ఇప్పుడెందుకు చదవాలి?

ఆనంద్‌లో పుట్టిన బడి

దీనికి జవాబు గుజరాత్‌లోని ఆనంద్ అనే వూళ్ళో దొరుకుతుంది. 1946లో ఖేడా జిల్లా రైతులు, తమ పాలకు తగిన ధర రావడం లేదని, త్రిభువన్‌దాస్ పటేల్ గారి నాయకత్వాన సహకార సంఘంగా ఏర్పడ్డారు. 1949లో ఆ వూరికి వర్గీస్ కురియన్ అనే యువకుడు ఉద్యోగంమీద వచ్చారు. అమెరికాలో లోహశాస్త్రం చదివిన మనిషి. పాలమీద ఆయనకు మోజేమీ లేదు. ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో చదివిన పాపానికి, అక్కడి ప్రభుత్వ పాలకేంద్రంలో పని చేయవలసి వచ్చింది. ఎప్పుడు బయటపడదామా అని చూస్తున్న కురియన్‌ను, తమ యంత్రాలు కాస్త చక్కబెట్టి వెళ్ళమని పటేల్ గారు ఆపారు. ఆగినాయన ఆ వూరే తన వూరు చేసుకున్నారు.

గేదెపాలతో పొడి చేయడం అయ్యే పని కాదని పాశ్చాత్య నిపుణులు తేల్చేస్తే, కురియన్ స్నేహితుడు హరిచంద్ దలాయా చేసి చూపించారు. 1955లో పాలపొడి కర్మాగారానికి నెహ్రూగారు ప్రారంభోత్సవం చేశారు. అమూల్ పేరు తెలియని ఇల్లు ఇవాళ లేదు.

కాని పాల సంఘాలు దేశమంతటా విస్తరించేసరికి ఒక చిక్కు వచ్చింది. యంత్రాలు దొరికాయి, పశువులు దొరికాయి. పల్లెటూళ్ళో కూర్చుని పద్దు చూడగల మనుషులు దొరకలేదు. మేనేజిమెంటు చదివిన కుర్రవాళ్ళకు పల్లె తెలియదు. పల్లె తెలిసినవారికి మేనేజిమెంటు తెలియదు. రైతుల పాలు ఒక్కపూట ఆలస్యమైతే విరిగిపోతాయి. ఆ నష్టం మేనేజరుది కాదు, ఒక గేదెతో సంసారం ఈదుకొచ్చే ఇల్లాలిది. అందుకనే 1979లో కురియన్ ఆనంద్‌లోనే గ్రామీణ యాజమాన్య విద్యకు ఒక సంస్థను స్థాపించారు. ఇర్మా అని దానికి వాడుకపేరు. అక్కడ చేరిన విద్యార్థులు కొన్ని వారాలపాటు పల్లెలో కాపురముండి రావడం చదువులో భాగం. 2025లో పార్లమెంటు చేసిన చట్టంతో అది త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయంలో భాగమయింది.

అంటే, సేవ చేసేవారు చాలక పెట్టిన బడి కాదది. సేవ చెయ్యబోయి తెలియనితనంతో బీదవారిని నష్టపరచకుండా వుండేందుకు పెట్టిన బడి. మొదటి సందేహానికి ఇదే సమాధానం.

పదకొండు మంచాల ఆస్పత్రి

రెండో సందేహానికి సమాధానం మధురలో వుంది. తమిళనాటి మధురై మాట. 1976లో, ప్రభుత్వోద్యోగంనుంచి 58వ యేట రిటైరయిన కంటి డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు, అక్కడ 11 మంచాలతో అరవింద కంటి ఆస్పత్రి తెరిచారు. కీళ్ళవాతంతో వంకర్లు పోయిన వేళ్ళతోనే ఆయన వేలకువేల కళ్ళకు ఆపరేషన్లు చేశారు.

అక్కడి కిటుకు చూడండి. డబ్బు ఇచ్చుకోగల రోగులు ఇచ్చే సొమ్మే ఇచ్చుకోలేనివారి వైద్యానికీ సరిపోవాలి. అలా సరిపోవాలంటే ఒక్కొక్క ఆపరేషనుకూ అయ్యే ఖర్చు బాగా తగ్గాలి. అందుచేత డాక్టరుగారి పక్కన రెండు బల్లలు వేశారు. ఒక బల్లమీద ఆపరేషను ముగిసేసరికి రెండో బల్లమీద రోగిని సిద్ధంగా వుంచుతారు. డాక్టరే చెయ్యనక్కరలేని పనులన్నీ, పల్లెటూళ్ళనుంచి తెచ్చి తర్ఫీదు ఇచ్చిన ఆడపిల్లలు చూసుకుంటారు. శుక్లాలు తీసిన కంట్లో అమర్చే కటకం విదేశాలనుంచి వస్తే వంద డాలర్ల పైమాట. 1992లో ఆరోల్యాబ్ అనే సొంత కర్మాగారం పెట్టి, సుమారు పదోవంతు ధరకే తయారు చేసుకున్నారు.

దయ వున్న డాక్టర్లు మన దేశంలో చాలామందే వున్నారు. ఆ దయను లెక్కకు అందేటట్టు అమర్చడం వెంకటస్వామిగారి గొప్పతనం. 1993లో అమెరికాలోని హార్వర్డ్ బిజినెస్ స్కూలు ఈ ఆస్పత్రి కథను పాఠంగా రాసుకుంది. మన తెలుగుదేశంలోనూ ఇటువంటి దారినే నడిచిన సంస్థ హైదరాబాదులో వుంది. 1987లో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు ప్రారంభించిన ఎల్. వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి అది. "మిస్సమ్మ" తీసిన మన ప్రసాద్‌గారి విరాళానికి గుర్తుగా ఆయన పేరే పెట్టారు. అక్కడా డబ్బిచ్చేవారికీ, ఇవ్వలేనివారికీ ఒకటే వైద్యం.

తరగతిలో ఏం చెబుతారు?

బొంబాయిలోని టాటా సంస్థ, టిస్ అంటారు దానిని, 1936నుంచి సంఘసేవను చదువుగా చెబుతున్నది. 2007లో సోషల్ ఆంట్రప్రెన్యూర్‌షిప్‌లో ఎమ్మే ప్రవేశపెట్టింది. ఇటువంటి కోర్సుల్లో ఏం నేర్పుతారో ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం.

మన్యంలో గిరిజన స్త్రీలు అడ్డాకులతో విస్తళ్ళు కుడతారు. దళారీ వాటిని చవకగా కొనుక్కుపోతాడు. ఒక మంచి కుర్రవాడికి ఇది చూసి కడుపు తరుక్కుపోయింది. తానే ఎక్కువ ధర ఇచ్చి కొంటానని బయలుదేరాడనుకోండి. విస్తరికి రెండు రూపాయలిచ్చి కొని, పట్నంలో మూడు రూపాయలకు అమ్మితే రూపాయి మిగులుతుందని అతని లెక్క. కాని లారీ బాడుగ ఎవరిస్తారు? దారిలో ఎండి చిట్లిన విస్తళ్ళ నష్టం ఎవరిది? హోటలువాడు డబ్బు రెండు నెలల తరువాత ఇస్తే, ఈలోగా ఆడవాళ్ళకు ఏం పెడతాడు? ఆరునెలల్లో అతని సొమ్ము హరించుకుపోతుంది. అతను వూరికి తిరిగి వెళ్ళి ఉద్యోగం చూసుకుంటాడు. ఈలోగా అలిగిపోయిన దళారీ మాత్రం మళ్ళీ వచ్చి, మునుపటికంటే తక్కువ ధర పెడతాడు.

కుర్రవాడి మంచితనంలో లోపమేమీ లేదు. లోపమంతా లెక్కలో వుంది. అందుకని ముందు జమాఖర్చులు నేర్పుతారు. తరువాత చట్టం. సొసైటీ, ట్రస్టు, సహకార సంఘం, రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ, వీటిలో ఏ పనికి ఏది తగును? 2013 నాటి కంపెనీల చట్టం 8వ సెక్షను కింద పెట్టిన కంపెనీ లాభాన్ని వాటాదారులకు పంచకూడదు. సహకార సంఘమైతే సభ్యులదే అధికారం. 1995లో మన ఆంధ్రప్రదేశ్ చేసిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, ప్రభుత్వ పెట్టుబడి పుచ్చుకోని సంఘాలకు సొంతంగా నడుపుకునే స్వేచ్ఛ ఇచ్చింది. ఆ తరువాత నేర్చుకోవలసినది, జరిగిన మేలును కొలవడం. ఎన్ని విస్తళ్ళు అమ్మామన్నది ఒక లెక్క. ఆ ఇళ్ళలో పిల్లలు బడికి పోతున్నారా, అప్పు తీరిందా అన్నది ఇంకో లెక్క. రెండో లెక్క కష్టం. చాలామంది మొదటిది రాసి వూరుకుంటారు.

మన ఇంట్లో జరిగిన పాఠం

రెండో లెక్క మరిస్తే ఏమవుతుందో చూడడానికి మనం దూరం పోనక్కరలేదు.

1976లో బంగ్లాదేశ్‌లో చిట్టగాంగ్ యూనివర్సిటీ ప్రొఫెసరు మహమ్మద్ యూనస్, పక్కనున్న జోబ్రా గ్రామంలో 42 మంది బీదలకు తన చేతిసొమ్ము 27 డాలర్లు అప్పుగా ఇచ్చారు. అది పెరిగి 1983లో గ్రామీణ బ్యాంకు అయింది. 2006లో ఆయనకూ ఆ బ్యాంకుకూ కలిపి నోబెల్ శాంతి బహుమానం వచ్చింది. బీదస్త్రీలకు చిన్నచిన్న అప్పులిచ్చే ఆ పద్ధతి మన రాష్ట్రంలోనూ విపరీతంగా వ్యాపించింది. మొదట సేవగా వచ్చినదే, క్రమంగా లాభాలకు ఆశపడే పెట్టుబడులతో పెద్ద వ్యాపారమయింది. ఒకే ఇల్లాలికి మూడు నాలుగు కంపెనీలు పోటీలుపడి అప్పులిచ్చాయి. వారంవారం వాయిదా వసూళ్ళలో జరిగిన అవమానాలూ, అప్పులవాళ్ళ ఆత్మహత్యలూ 2010లో పత్రికలకెక్కాయి. ఆ ఏడు అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వసూళ్ళను అదుపులో పెట్టింది. రిజర్వు బ్యాంకు మాలెగాం కమిటీని వేసి, 2011లో కొత్త నిబంధనలు చేసింది.

ఆ కంపెనీలు నడిపినవారిలో గొప్ప చదువులు చదివినవారు, మంచి ఆశయంతో మొదలుపెట్టినవారు లేకపోలేదు. పద్దు తెలియని సేవ మన్యంలో కుర్రవాడిలా మునుగుతుంది. పద్దు ఒక్కటే తెలిసిన సేవ ఇదిగో, ఇలా ముంచుతుంది. మామూలు వ్యాపారంలో తప్పు జరిగితే పెట్టుబడి పెట్టినవాడు నష్టపోతాడు. సేవావ్యాపారంలో నష్టపోయేది అసలే ఏమీ లేనివాళ్ళు. కాబట్టి కాలేజీ ఏదైనా సరే, 2010 నాటి ఈ కథను పాఠంగా చెబుతారా అని అడిగి మరీ చేరడం మంచిది.

ఇక జీతం మాట

మూడో సందేహం దాచుకోవలసినది కాదు. ఈ చదువు చదివినవారందరూ సంస్థలు పెట్టరు, పెట్టనూ అక్కరలేదు. చాలామంది సహకార సంఘాల్లోనూ, స్వచ్ఛంద సంస్థల్లోనూ, ప్రభుత్వ గ్రామీణ పథకాల్లోనూ ఉద్యోగాలు చేస్తారు. 2013 చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజహితానికి ఖర్చు పెట్టాలి. ఆ సొమ్ము వ్యవహారం చూసేందుకూ మనుషులు కావాలి. సంసారం గడుస్తుంది. కాని సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చుకుంటే మాత్రం మనశ్శాంతి వుండదు. పెద్ద అప్పు చేసి ఈ చదువులో చేరడం అందుకే ప్రమాదం. నెలనెలా బ్యాంకు వాయిదా మెడమీద వుంటే, ఎంత ఆశయమున్నవాడైనా ఎక్కువ జీతమిచ్చే చోటికే పోవలసివస్తుంది.

ఇంకొక మాట. కురియన్‌కు యంత్రాలు తెలుసు, వెంకటస్వామిగారికి కన్ను తెలుసు, యూనస్‌కు అర్థశాస్త్రం తెలుసు. లిజ్జత్ గృహిణులకు అప్పడం తెలుసు. చేతిలో ఒక విద్య వుండి, దానికి ఈ చదువు తోడైతే రాణిస్తుంది. వ్యవసాయమో, నర్సింగో, చేనేతో, కామర్సో చదివి, రెండు మూడేళ్ళు ఆ పనిలో వుండి, తరువాత ఇందులో చేరినవారికి పాఠం బాగా ఒంటపడుతుంది.

మీ అబ్బాయిగాని, అమ్మాయిగాని ఈ చదువు చదువుతానంటే కసురుకోకండి. వెంటనే పొంగిపోకండి కూడా. దగ్గర కూర్చోబెట్టుకుని మూడు ప్రశ్నలు అడగండి. నువ్వు ఎవరికి మేలు చేద్దామనుకుంటున్నావో వాళ్ళ మధ్య ఎప్పుడైనా నెల్లాళ్ళున్నావా? నీ పనికి డబ్బు ఎవరిస్తారు, ఎందుకిస్తారు? పని చెడితే నష్టం ఎవరిది?

మొదటిదానికి జవాబు లేకపోతే ఈ సెలవుల్లోనే పంపించండి. రెండోదానికి లేకపోతే కాలేజీలో నేర్చుకోవచ్చు. మూడోదానికి మాత్రం ఆ పిల్ల కాస్త ఆగి, ఆలోచించి, మెల్లగా జవాబు చెప్పిందంటే, ఫీజు కట్టే విషయం ఆలోచించవచ్చు.