పెద్ద ఇంజను కారు: కొనడం తేలికే, నిలబెట్టుకోవడమే కష్టం

నెల్లూరు తీరంలో రొయ్య కలిసివచ్చిన ఏడాది కుర్రవాళ్ల చూపు ముందుగా కారు మీదకు పోతుంది. అదీ చిన్న కారు కాదు. ఇసుకలోనూ, గుంటగట్టు మీదా, వానకు దిగబడే మట్టిదారిలోనూ ఆగకుండా పోయే ఎత్తయిన డీజిలు బండి కావాలి. ముత్తుకూరు నుంచి ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మీదుగా కావలి దాకా తీరం ఊళ్లలో ఇటువంటి బండ్లు ఇవాళ వింత కాదు. సెకండ్‌హ్యాండు బండి అయితే ధర బేరమాడి తగ్గించుకోవచ్చు. కాని ఆ తర్వాత ఏటా పడే ఖర్చును, బీమా కాగితంలోని షరతులను ముందుగా లెక్క చూసుకునేవారు తక్కువ. చిక్కంతా అక్కడే వస్తోంది.

సి.సి.ని బట్టి ప్రీమియం

వెనకటి అంబాసిడరు ఇంజను 1,489 సి.సి. ఆ రోజుల్లో అదే పెద్ద కారు. ఇప్పటి బొలేరో ఇంజను 1,493 సి.సి. ఎంహాక్ ఇంజనుతో వచ్చిన పాత స్కార్పియోది 2,179 సి.సి. ఈ అంకెలకూ బీమాకూ నేరుగా సంబంధం ఉంది.

మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి చేయించే బీమా 'థర్డ్ పార్టీ'. ఇది చట్టరీత్యా తప్పనిసరి. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం ప్రైవేటు కారుకు ఏడాది ప్రీమియం 1,000 సి.సి. వరకు 2,094 రూపాయలు, 1,500 సి.సి. వరకు 3,416 రూపాయలు, ఆపైన 7,897 రూపాయలు. దీనిపై 18 శాతం జి.ఎస్.టి. అదనం. అంటే బొలేరో మధ్య తరగతిలో పడితే, స్కార్పియోకు అంతకు రెట్టింపు పైగా కట్టాలి.

బ్రిటన్ వంటి దేశాల్లో ఇరవై ఏళ్ల కుర్రవాడు పెద్ద కారు నడుపుతానంటే వయసు చూసి ప్రీమియం విపరీతంగా పెంచుతారు. మన దేశంలో థర్డ్ పార్టీ రేటుకు వయసుతో పనిలేదు. తండ్రికీ కొడుక్కీ ఒకటే రేటు. అందుకే ఇక్కడ కుర్రవాణ్ణి ఆపేది ప్రీమియం కాదు, ఇంట్లోని పెద్దలే. పద్దెనిమిది నిండని పిల్లవాడి చేతికి తాళం ఇస్తే తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. 2019 సవరణతో ఈ శిక్ష చట్టంలో చేరింది.

మేత బస్తాలు వేస్తే?

సొంత బండి దెబ్బతింటే డబ్బు రావాలంటే సమగ్ర బీమా ఉండాలి. అయితే ప్రైవేటు కారు పాలసీ సొంత వాడకానికే. బాడుగకు తిప్పడానికి అది చెల్లదు. సొంత సామాను, నమూనాలు మినహా సరుకు రవాణాకు కూడా చెల్లదు. తెల్లబోర్డు బండిని పెళ్లికి బాడుగకు పంపినా, వెనక సీటు మడిచి మేత బస్తాలు, ఐసు పెట్టెలు వేసుకు తిరిగినా, ప్రమాదం జరిగిన రోజున క్లెయిము చిక్కుల్లో పడుతుంది. బాడుగకు తిప్పదలచినవారు పసుపు బోర్డు, పర్మిటు, దానికి తగిన బీమా తీసుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద ముప్పు మరొకటి. ప్రమాదంలో మనిషి చనిపోతే ఇవ్వవలసిన పరిహారం లక్షల్లో ఉంటుంది. లైసెన్సు లేకపోవడం వంటి షరతుల ఉల్లంఘన రుజువైతే, బాధితులకు ముందు కంపెనీ చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చని కోర్టులు ఆదేశిస్తుంటాయి. బీమాయే లేకపోతే మొత్తం భారం యజమాని నెత్తినే పడుతుంది. రొయ్యల డబ్బుతో కొన్న కారు తాతలనాటి కయ్యలకు ఎసరు పెట్టేది అప్పుడే.

నీట మునిగిన ఇంజను

2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు వద్ద జాతీయ రహదారే కోతకు గురైంది. తుపాను కాలంలో తీరం దారులు మునగడం కొత్త కాదు. సమగ్ర బీమాలో వరద నష్టం ఉంటుంది. కాని నీళ్లు మింగిన ఇంజనుకు తాళం తిప్పితే లోపలి రాడ్లు వంగిపోతాయి. ఆ నష్టం మామూలు పాలసీలోకి రాదని కంపెనీలు చెబుతాయి. దానికి 'ఇంజను రక్షణ' అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి. మునిగిన బండిని స్టార్టు చేయకుండా, ఫొటోలు తీసి, కంపెనీకి తెలిపి, లాగించుకుపోవడం మేలు.

ఉప్పుగాలికి ఛాసిస్ తుప్పు పడితే ఏ బీమా ఇవ్వదు. ఇసుకలో, చవుటి నీళ్లలో తిరిగిన బండి అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగించడం అలవాటు చేసుకోవాలి. సెకండ్‌హ్యాండు బండి కొనేటప్పుడు మెకానిక్కును బండి కిందకు దూరి చూడమనాలి.

డీజిలు సంగతీ చూడాలి. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తే 125 లీటర్లు కావాలి. 20 ఇచ్చే బండికి 75 చాలు. లీటరు 95 రూపాయలనుకున్నా నెలకు 4,750 రూపాయల తేడా.

హంగులతో చిక్కు

బండి కొన్న మర్నాడే కొందరు ముందు ఇనుప గార్డు, వెడల్పు టైర్లు, నల్ల ఫిల్ము వేయిస్తారు. ఇనుప గార్డులు చట్టవిరుద్ధమని కేంద్రం 2017లోనే స్పష్టం చేసింది. గుద్దిన దెబ్బ గార్డు మీద పడితే గాలిసంచులు సమయానికి విచ్చుకోకపోవచ్చు. నల్ల ఫిల్మును సుప్రీంకోర్టు 2012లో నిషేధించింది. కంపెనీ తయారుచేసిన తీరుకు భిన్నంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో అదే కోర్టు చెప్పింది. పాడైన ఇంజనును మార్చాలన్నా ఆర్.టి.ఓ. అనుమతి పొంది, ఆర్.సి.లో నమోదు చేయించి, బీమా కంపెనీకి తెలియజేయాలి. ఇంజను బలం పెంచుతామనే మెకానిక్కు మాట విని కంప్యూటరు అమరిక మార్పిస్తే, రేపు క్లెయిము తిరస్కరించడానికి అదే కారణం కావచ్చు.

కాగితం పేరు మారాలి

బండి కొన్న 14 రోజుల్లో బీమాను తమ పేరుకు మార్చమని కంపెనీకి దరఖాస్తు చేయాలి. మార్చకపోతే థర్డ్ పార్టీ భాగం కొనసాగినా, సొంత బండి నష్టానికి డబ్బు రాదు. అమ్మినవారూ జాగ్రత్త పడాలి. ఆర్.సి.లో పేరున్నంతకాలం పరిహారం బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది.

క్లెయిము లేకుండా గడిచిన ఏడాదికి సొంత నష్టం ప్రీమియంలో 20 శాతం, అలా ఐదేళ్లు గడిస్తే 50 శాతం తగ్గింపు దొరుకుతుంది. ఈ తగ్గింపు మనిషికే గాని బండికి కాదు. పాత యజమాని తగ్గింపు కొన్నవారికి రాదు. గడువు దాటి 90 రోజుల్లోగా రెన్యూవలు చేయించకపోతే సంపాదించుకున్నదీ పోతుంది. చిన్న గీతకు క్లెయిము చేసి ఈ తగ్గింపు పోగొట్టుకోవడం లాభం కాదు.

పెద్ద బండి వద్దని ఎవరూ అనరు. తీరం దారులకు అది అవసరం కూడా. బయానా ఇచ్చేముందు ఏడాది బీమా, డీజిలు, టైర్లు, సర్వీసు ఒక కాగితం మీద రాసి కూడుకోవాలి. రొయ్య ధర పడిన ఏడాదిలోనూ ఆ మొత్తం కట్టగలమనుకుంటేనే బేరానికి దిగాలి.