గతుకుల్లో కటకట: షాకబ్జార్బర్లు మార్చే ముందు ఓ లెక్క

కారు ముందు భాగంలో కటకటమని శబ్దం మొదలైతే చాలా షెడ్లలో వెంటనే వచ్చే తీర్పు ఒకటే: "షాకబ్జార్బర్లు పోయాయి సార్, రెండూ మార్చెయ్యాలి." బిల్లు వేలల్లో అవుతుంది. శబ్దం మాత్రం ఒక్కోసారి అలాగే ఉండిపోతుంది. షాక్ బలహీనపడితే కారు ఊగడం ఎక్కువవుతుంది, కుదుపు తర్వాత త్వరగా నిలబడదు. లోపల అరిగిన షాక్ కూడా కొట్టుకోవచ్చు, కాదనను. కానీ కటకటకు ముందుగా అనుమానించాల్సింది దాని చుట్టూ ఉన్న చిన్న సామాను. అందులో చాలా భాగం ఖరీదు వందల్లోనే ఉంటుంది.

ముందు శబ్దాన్ని లెక్కపెట్టండి. చిన్న కార్లకు ఉండే 165/80 ఆర్14 టైరు చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 5.5 మీటర్లు కదులుతుంది. అంటే చక్రం సెకనుకు మూడు చుట్లకు కాస్త తక్కువ తిరుగుతుంది. నున్నటి రోడ్డు మీద కూడా శబ్దం అదే లెక్కన వస్తూ, వేగం 40కి పెరిగితే రెట్టింపవుతుంటే సస్పెన్షన్ జోలికి పోకండి. అది చక్రంతో పాటు తిరిగే దేనిదో: వదులైన వీల్ నట్టు, టైరులో ఇరుక్కున్న రాయి, వీల్ కవరు. వీల్ నట్లు ఆ క్షణమే చూసుకోవాలి. నున్నటి రోడ్డు మీద నిశ్శబ్దంగా ఉండి, గతుకు తగిలినప్పుడే మోగితే అప్పుడు సస్పెన్షన్ వంతు.

గతుకుల్లో కటకటమంటున్నప్పుడు బ్రేకు మీద కాలు కొద్దిగా ఆనించి చూడండి. శబ్దం ఆగిపోతే దోషి బ్రేక్ ప్యాడ్లో, కాలిపర్ పిన్నులో. డిక్కీలో జాకీ, స్పానర్లు సరిగ్గా బిగించి ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి. నవ్వొచ్చినా సరే, ఖర్చు లేని పరీక్ష అది.

తర్వాతిది స్పీడ్ బ్రేకర్ పరీక్ష. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం గంటకు 25 కిలోమీటర్ల వేగానికి వేసే గుండ్రటి హంప్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. దాని మీద చక్రం ఆ 10 సెంటీమీటర్లు ఎక్కడానికి పావు సెకను పైనే పడుతుంది. మన కాలనీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు పోసిన సిమెంటు దిమ్మకు ఈ కొలతలేవీ పట్టవు. వెడల్పు అర మీటరే అనుకోండి, అదే ఎత్తుకు అదే వేగంలో 0.04 సెకను కూడా పట్టదు. జాయింట్లు అరిగేది అక్కడే.

ఆ దిమ్మను రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా నెమ్మదిగా దాటండి. ఆ తర్వాత ఏటవాలుగా, ఒక చక్రం ముందు, ఒకటి వెనక ఎక్కేలా దాటండి. రెండు చక్రాలూ కలిసి లేస్తే, ఆ రెండు పక్కలనూ కలిపే స్టెబిలైజర్ బార్ తన బుష్‌లలో తిరుగుతుందే తప్ప మెలిపడదు. ఒకటే లేస్తే మెలిపడి, తన చివర్లకు తగిలించిన లింక్ రాడ్లను లాగుతుంది. మొదటిసారి మౌనం, రెండోసారి టకటక అయితే లింక్ రాడ్ మీదే నా అనుమానం. దాని బాల్ జాయింట్లో ఒక మిల్లీమీటరు సందు చాలు, క్యాబిన్ అంతా మోగడానికి.

ఇక్కడే చాలామంది మెకానిక్‌లు బోల్తా పడతారు. ఒక పక్క మాత్రమే జాకీతో ఎత్తితే బార్ మెలితిరిగి లింక్ రాడ్ బిగుసుకుంటుంది. చేత్తో కదిపితే గట్టిగానే ఉంటుంది. నాలుగు చక్రాలూ ఆనే ర్యాంపు మీద గానీ, రెండు ముందు చక్రాలూ కలిపి లేపి గానీ చూడమని అడగండి. గాల్లో ఉన్న చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట కనిపిస్తే లోయర్ ఆర్మ్ బాల్ జాయింటో, వీల్ బేరింగో. పక్కల పట్టుకుని ఊపినప్పుడే కనిపిస్తే టై రాడ్ ఎండో, ర్యాక్ ఎండో. కారు నిలబెట్టి స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగు టంగుమంటే స్ట్రట్ పైన ఉండే మౌంటు బేరింగ్.

బాగుచేయడంలో అసలు తప్పు బిగింపులో జరుగుతుంది. లోయర్ ఆర్మ్ పొడవు 35 సెంటీమీటర్లు, చక్రాలు గాల్లో ఉన్నప్పుడు అది 8 సెంటీమీటర్లు కిందికి వేలాడిందనుకుందాం. ఆ స్థితిలోనే దాని బుష్ బోల్టు బిగిస్తే కారు దించగానే లోపలి రబ్బరు 13 డిగ్రీలు మెలిపడుతుంది. అందుకే కొత్త బుష్ కూడా త్వరగా చిరుగుతుంది. కారు బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు వేయాలి. ఎంత బిగించాలో కంపెనీ మాన్యువల్ చెబుతుంది. మాటవరసకు 90 న్యూటన్ మీటర్లంటే, మీటరు పొడవు రెంచి చివర దాదాపు 9 కిలోలు వేలాడినట్టు. 30 సెంటీమీటర్ల స్పానర్ మీద అదే బిగింపుకు 30 కిలోల బలం కావాలి. కుర్రాడి చేతి అంచనాకు దీన్ని వదిలేయకండి.

ఒక పని మాత్రం ఇంట్లో వద్దు: స్ట్రట్ పై నట్టు విప్పడం. స్ప్రింగు కంప్రెసర్ లేకుండా విప్పితే లోపల బిగపట్టి ఉన్న స్ప్రింగు ప్రాణం తీయగలదు.

లింక్ రాడ్ మోగుతున్నా కొన్నాళ్లు నెమ్మదిగా తిరగొచ్చు. లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ వదులైందని తేలితే మాత్రం కారును షెడ్డు నుంచి బయటికి తీయకండి. అది ఊడితే చక్రం పక్కకు ఒరిగిపోతుంది, స్టీరింగ్ మీ మాట వినదు.