ఇన్యూట్ ప్రజల ఆహార భద్రత – వలస పాలన ప్రభావం

కెనడా ఉత్తర భాగంలోని ఇన్యూట్ ప్రజల స్వస్థలాన్ని ఇన్యూట్ నునంగాట్ అంటారు. నునావుట్, నునావిక్ మొదలైన నాలుగు ప్రాంతాల్లో 51 జనావాసాలు ఉన్నాయి. సేద్యానికి అనువుకాని ఈ శీతల భూభాగంలో సీల్, కారిబూ అనే ధ్రువ ప్రాంతపు జింక, తిమింగలం, చార్ చేప తరతరాలుగా ప్రధానాహారం. సీల్ మాంసం ద్వారా ఇనుము, దాని కాలేయం ద్వారా విటమిన్ ఎ, నార్వాల్, బెలూగా తిమింగలాల పచ్చి చర్మం ద్వారా విటమిన్ సి లభిస్తాయి. అయినప్పటికీ 2007–08 ఆరోగ్య సర్వే ప్రకారం నునావుట్‌లో 3–5 సంవత్సరాల ఇన్యూట్ పిల్లల్లో సుమారు 70 శాతం మంది ఆహార భద్రత లేని కుటుంబాల్లో జీవించారు. ఆహారాన్ని సమకూర్చుకునే సాధనాలను దెబ్బతీసిన పాలనా విధానాలే ఈ దుస్థితికి ముఖ్య కారణం.

సంచార జీవనానికి అంతరాయం

పూర్వం కుటుంబాలు ఋతువులను అనుసరించి వేట స్థలాలకు తరలిపోయేవి. 1950, 1960 దశకాల్లో పాఠశాలలు, గృహాలు, భృతుల పేరిట ప్రభుత్వం వారిని స్థిర నివాసాలకు చేర్చింది. 1953, 1955లలో ఇనుక్జువాక్ నుంచి కొన్ని కుటుంబాలను సుమారు 2,000 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న రెజొల్యూట్, గ్రైస్ ఫియర్డ్‌లకు తరలించారు. శీతాకాలంలో నెలల తరబడి చీకటి ఉండే ఆ చోట వేట జంతువులూ, వేట పద్ధతులూ వారికి కొత్తవే. ఇందుకు ప్రభుత్వం 2010లో క్షమాపణ చెప్పింది. అదే కాలంలో పోలీసులు, ఇతర అధికారులు బండి లాగే కుక్కలను పెద్ద సంఖ్యలో చంపడంతో శీతాకాలపు వేట కుంటుపడింది. వాటి స్థానంలో వచ్చిన మంచు మోటారు బండ్లకు ఇంధనం, ఇంధనానికి నగదు అవసరమయ్యాయి.

ఆ నగదు ప్రధానంగా సీల్ చర్మాల విక్రయం ద్వారా వచ్చేది. 1983లో ఐరోపా ఆర్థిక సమాజం సీల్ పిల్లల చర్మాల దిగుమతిని నిషేధించింది. ఇన్యూట్‌లు వేటాడేది ముఖ్యంగా ఎదిగిన సీళ్లనే అయినా, చర్మాల మార్కెట్ మొత్తం కుప్పకూలింది.

ఆరోగ్యంపై ప్రభావం

క్షయ చికిత్స పేరిట రోగులను ఓడలలో దక్షిణాది ఆసుపత్రులకు తరలించారు. 1956లో ప్రతి ఏడుగురు ఇన్యూట్‌లలో ఒకరు అక్కడే ఉన్నారు. వేటగాడు దూరమైన ఇంట మాంసం కొరవడింది. తిరిగిరాని వారి సమాధులెక్కడో అనేక కుటుంబాలకు తెలియలేదు. ఇరుకు గృహాలు, పోషకాహార లోపం వల్ల క్షయ నేటికీ అక్కడ సమస్యగానే ఉంది. దుకాణాల్లోని చక్కెర పానీయాలు, శుద్ధిచేసిన పిండి పదార్థాలు సంప్రదాయాహారం స్థానాన్ని ఆక్రమించాయి.

విధానాల్లో మార్పు

2011లో ప్రారంభమైన 'న్యూట్రిషన్ నార్త్' పథకం మారుమూల దుకాణాలకు చేరే ఆహారంపై రాయితీ ఇచ్చింది. వేటకు అయ్యే ఖర్చును మాత్రం అది భరించలేదు. ఈ లోపాన్ని సరిదిద్దేందుకు 2020లో వేటగాళ్లకు, ఆహార సేకర్తలకు ప్రత్యేక సహాయ నిధిని జోడించారు.

ఆహార భద్రతను లభించే పోషకాల పరిమాణంతో మాత్రమే అంచనా వేయడం సరికాదు. ఆహారం సంపాదించుకునే నైపుణ్యం, సాధనాలు, సంచార స్వేచ్ఛ ప్రజల చేతిలో ఉన్నాయా అన్నది కూడా విస్తరణ శాస్త్రవేత్తలు పరిశీలించవలసిన అంశం.