పూర్తి నష్టమను లెక్క

బండి విరిగినప్పుడు కలుగు దుఃఖము ఒకటి. విరిగిన బండిని చూచి బీమా సంస్థవారు "ఇది మరమ్మతునకు తగదు" అని వ్రాసినప్పుడు కలుగు కలవరము మరియొకటి. మొదటిదానికి ఓదార్పు చెప్పువారు ఊరంతయు ఉందురు. రెండవదానికి తగిన సలహా చెప్పగలవారు అరుదు. అందుచేత చాలమంది ఆ మాటను వైద్యుడు పెదవి విరిచినట్లు భావించి, చూపిన చోట సంతకము చేసి ఇంటికి వచ్చుచుందురు. ఆ మాట నిజముగా తీర్పు కాదు, ఒక లెక్క. లెక్క గనుక దానిని సరిచూచుకొనవచ్చును. అది ఎట్లో తెలుపుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

రాయచోటి ప్రాంతపు శ్రోతలకు ఈ విషయము దూరమైనది కాదు. కర్నూలు నుండి కడప, రాయచోటి, పీలేరుల మీదుగా సాగు 40వ నంబరు జాతీయ రహదారి వారి ఊరి దారియే. కడపకును రాయచోటికిని నడుమ గువ్వలచెరువు ఘాటు ఉన్నది. పాలకోవకు పేరొందిన ఆ ఊరి పేరు, ఘాటు మలుపులలో జరుగు ప్రమాదముల వలన కూడ మన చెవిని పడుచుండును. ఇక ఈ సీమలో ఒక వాను కొనుట సామాన్యమైన సంగతి కాదు. కువైటు మొదలగు దేశములలో ఇంటివారు చెమటోడ్చి పంపిన సొమ్ము కొంత, అప్పు కొంత కలిసి ఆ వాను అగును. తిరుమల యాత్రకు, పెండ్లికి, ఆసుపత్రికి అదే ఆధారము. అట్టి బండి ఒక్క మలుపులో నుగ్గయినప్పుడు కాగితముమీది ఒక్కొక్క అంకెయు ఆ కుటుంబమునకు ముఖ్యమే.

బండి కంటికి కనబడుచుండగా, కొంత భాగము చెడకయే యుండగా, "పూర్తి నష్టము" అనుట ఏమని కొందరికి సందేహము కలుగును. ఈ భావము ఓడల బీమా నుండి వచ్చినది. ఓడ మునిగిపోకున్నను, దానిని బాగుచేయుటకగు ఖర్చు ఓడ విలువను మించునప్పుడు దానిని పోయిన ఓడగనే లెక్కింతురు. మన దేశపు 1963 నాటి సముద్ర బీమా చట్టములో ఈ సూత్రము కలదు. దానినే మోటారు వాహనములకును అన్వయించినారు. మన షెడ్డులలో "టోటల్ లాసు" అని వాడుక.

మోటారు పాలసీలలో సాధారణముగా కనబడు నిబంధన ఇది: బండిని ప్రమాదస్థలము నుండి తరలించుటకును, మరమ్మతు చేయుటకును అగు మొత్తము, పాలసీ షరతులకు లోబడి, బండి ప్రకటిత విలువలో నూటికి 75 పాళ్లు మించినచో దానిని పూర్తి నష్టముగా పరిగణింతురు. ఈ ప్రకటిత విలువనే పాలసీ కాగితముపై "ఐ.డి.వి." అని మూడక్షరములతో వ్రాయుదురు. 2002 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన మోటారు టారిఫుతో ఈ పద్ధతి స్థిరపడినది.

ఆ విలువ ఎట్లు వచ్చును? అట్టి కొత్త బండికి తయారీదారు ప్రకటించిన ధర నుండి వయస్సును బట్టి తరుగు తీయుదురు. ఆరు నెలలు దాటి సంవత్సరము లోపు నూటికి 15, రెండవ సంవత్సరమున 20, మూడవ సంవత్సరమున 30, నాల్గవ సంవత్సరమున 40, అయిదవ సంవత్సరమున 50 పాళ్లు తరుగు. అయిదేండ్లు దాటిన బండికి సంస్థయు యజమానియు మాటలాడుకొని విలువ నిర్ణయించుకొనవలెను.

ఇచ్చట ఒక మెలకువ కావలెను. ప్రీమియము కొంత తగ్గునను ఆశతో పాలసీ తిరుగ వ్రాయించుకొను నాడు విలువను తక్కువగా వేయించుకొనువారు కలరు. నాడు మిగిలినది కొద్ది వందలు. ప్రమాదము జరిగిన నాడు రెండు విధముల నష్టము. చేతికి వచ్చు సొమ్ము తగ్గును. 75 పాళ్ల గీత కూడ దిగువకు వచ్చుటచే, బాగుచేయదగిన బండి సైతము పూర్తి నష్టముగా తేలును. ప్రమాదమునాటి నిర్ణయములో సగము ప్రీమియము కట్టిన నాడే జరిగిపోయినదన్నమాట. అట్లే, నిర్ణయించిన విలువను తరువాత తగ్గించుటకు సంస్థకును వీలులేదు. ఒప్పుకొన్న విలువపై ప్రీమియము పుచ్చుకొని, నష్టము జరిగిన పిదప ఆ విలువ ఎక్కువయనుట తగదని సుప్రీముకోర్టు 2008లో ధర్మేంద్ర గోయెల్ కేసులో చెప్పినది.

ఇప్పుడొక ఉదాహరణ తీసికొందము. కొత్త ధర 8,00,000 రూపాయలైన వాను మూడవ సంవత్సరములో ఉన్నది. 30 పాళ్ల తరుగు పోగా దాని ప్రకటిత విలువ 5,60,000. అందులో 75 పాళ్లనగా 4,20,000. ఇదియే గీత. వర్కుషాపువారు 4,60,000 అంచనా వ్రాసినారు. గీత దాటినది గనుక పూర్తి నష్టమని తోచును. కాని తొందరపడరాదు. పాలసీ షరతుల ప్రకారము రబ్బరు, ప్లాస్టికు భాగములకును, టైర్లకును, బ్యాటరీకిని సగము విలువయే ఇత్తురు. ఫైబరుగ్లాసు భాగములకు 30 పాళ్లు తీయుదురు. అద్దములకు తరుగు లేదు. లోహభాగములకు బండి వయస్సును బట్టి తరుగు. ఇవన్నియు తీసివేయగా సర్వేయరు లెక్క 3,90,000కు దిగినదనుకొనుడు. అప్పుడు గీత దాటలేదు. ఆ బండి మరమ్మతునకు తగినదే. "పాలసీ షరతులకు లోబడి" అను మాటలు నిబంధనలో ఊరక లేవు. కనుక యజమాని అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది: 75 పాళ్లతో పోల్చిన మొత్తము ఏది? వర్కుషాపు వ్రాసిన అంచనాయా, తరుగు తీసిన పిమ్మట సర్వేయరు ఒప్పుకొన్న మొత్తమా? తరుగు తీయని ప్రత్యేక పాలసీ గలవారికి ఈ రెండంకెలు దగ్గరగా ఉండుననుట కూడ గుర్తుంచుకొనవలెను.

పూర్తి నష్టమైనచో కుటుంబమునకు మేలా, కీడా? అది ఇంటి స్థితిని బట్టి యుండును. పై ఉదాహరణలోనే, పాలసీ ప్రకారము తప్పనిసరి మినహాయింపు 2,000 రూపాయలు అనుకొందము. మరమ్మతైనచో సంస్థ 3,88,000 ఇచ్చును, మిగిలిన 72,000 యజమాని చేతినుండి పెట్టుకొనవలెను, బండి మిగులును. పూర్తి నష్టమైనచో 5,58,000 వచ్చును, బండి పోవును. ఈ పక్షమున భాగములకు తరుగు తీయరు. అయితే బండిపై అప్పు 5,00,000 మిగిలియున్నదా, ఆ సొమ్ము మొదట అప్పిచ్చినవారికి చేరును. ఇంటికి వచ్చునది 58,000 మాత్రమే. అప్పు ప్రకటిత విలువను మించియున్నచో బండియు లేక, బాకీయు తీరక మిగులును. కనుక సమ్మతిపత్రము వ్రాయుటకు ముందే అప్పు నిలువ ఎంతయో బ్యాంకు నుండి వ్రాతగా తెచ్చుకొనవలెను.

తరువాతి సంగతి శిథిలము, అనగా విరిగిన బండి. దానిని సంస్థయే అమ్మించుకొని యజమానికి పూర్తి విలువ ఇచ్చుట ఒక పద్ధతి. శిథిలమును యజమానికే వదలి, దాని వెల తగ్గించి మిగిలినది ఇచ్చుట రెండవది. శిథిలము వెల 1,60,000 అని కట్టినచో, రెండవ పద్ధతిలో వచ్చునది 3,98,000. ఆ వెల న్యాయమైనదేనా యని తెలిసికొనుటకు మార్గమొకటి కలదు. కడపలోనో తిరుపతిలోనో పాత బండ్లు కొను ఇద్దరు ముగ్గురిని అడిగి వెల వ్రాయించుకొనవలెను. వారు సంస్థ కట్టిన వెలకంటె ఎక్కువ ఇత్తుమన్నచో శిథిలమును ఉంచుకొనుట లాభము. తక్కువ చెప్పినచో, "మీరు కట్టిన వెలకు మీరే అమ్మించుకొని, నాకు పూర్తి విలువ ఇండు" అని వ్రాతగా కోరవలెను. వెల ఎక్కువ కట్టినవారికి ఆ వెలకే దానిని అమ్ముకొమ్మనుట న్యాయమైన కోరికయే.

శిథిలమును ఇచ్చివేయునప్పుడు ఆర్.సి. విషయమున అశ్రద్ధ కూడదు. బండి నాశమైనను, శాశ్వతముగా వాడుకకు పనికిరానిదైనను, 14 దినములలో రిజిస్ట్రేషను అధికారికి తెలిపి ఆర్.సి. అప్పగింపవలెనని మోటారు వాహనముల చట్టము 55వ సెక్షను చెప్పుచున్నది. బాగుచేసి నడుపదలచిన వానికి అమ్మినచో 29, 30 నంబరుల ఫారములతో పేరు మార్పించవలెను. పేరు మారనంతవరకు, ఆ బండి వలన ఇతరులకు జరిగిన హానికి రిజిస్టరులో నున్న యజమానియే బాధ్యుడని సుప్రీముకోర్టు 2018లో స్పష్టపరచినది. తుక్కుగా పోయినదనుకొన్న బండి పేరుమీద నోటీసు వచ్చుట ఎవరికి కావలెను?

పడక, పొయ్యి, నీళ్ల తొట్టి అమర్చిన విహార వాహనములు ఇటీవల మన దారులమీద కనబడుచున్నవి. వాటి యజమానులకొక హెచ్చరిక. తయారీదారు ధరలో ఈ అమరికలు చేరవు. వాటి విలువను పాలసీలో వేరుగా చూపి ప్రీమియము కట్టినప్పుడే పరిహారము అడుగుటకు వీలగును. బండిలో మార్పులు చేసినచో అవి ఆర్.సి.లోను, పాలసీలోను ఎక్కవలెను. అట్లే సొంత వాడుకకని వ్రాయించిన బండిని బాడుగకు త్రిప్పుట పాలసీ షరతును మీరుటయే. అట్టి సందర్భమున కూడ క్లెయిమును మొత్తముగా త్రోసిపుచ్చరాదనియు, కొంత తగ్గించి ఇయ్యవలెననియు అమలేందు సాహూ కేసులో 2010లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అది కష్టములో ఊరటయే గాని, ముందుగా నమ్ముకొనదగిన ఆధారము కాదు.

వరద పాలైన బండ్ల సంగతి కొంత వేరు. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు పల్లెలను నీరు ముంచెత్తినది. అట్టి సమయమున నీట మునిగిన బండిని "తిరుగునేమో చూతము" అని స్టార్టు చేయరాదు. ఇంజనులోనికి నీరు చేరి లోపలి భాగములు విరుగును. అది వరద చేసిన నష్టము కాదు, స్టార్టు చేయుటచే కలిగిన నష్టమని సంస్థ వాదించుటకు అవకాశము కలుగును. బండిని ఉన్నదున్నట్లు ఫోటో తీసి, లాగించి తరలించుటయే మేలు.

ఇక సర్వేయరు నివేదిక. 2024లో బీమా నియంత్రణ సంస్థ నిర్దేశించిన గడువుల ప్రకారము సర్వేయరు 15 దినములలో నివేదిక ఇయ్యవలెను. అది అందిన 7 దినములలో సంస్థ నిర్ణయము తెలుపవలెను. ఆ నివేదిక ప్రతిని వ్రాతగా అడిగి తీసికొనుడు. అది ముఖ్యమైన ఆధారమే గాని తుది మాట కాదని, తగిన సాక్ష్యమున్నచో దానిని కాదనవచ్చునని సుప్రీముకోర్టు 2009లో ప్రదీప్ కుమార్ కేసులో చెప్పినది. కనుక నోటిమాటతో వాదింపక, మరియొక వర్కుషాపు అంచనాను, ఫోటోలను జతపరచి, ఏ భాగము లెక్కలో తేడా ఉన్నదో వరుసగా చూపవలెను.

సంస్థ ఫిర్యాదుల అధికారికి వ్రాసినను న్యాయము జరుగనిచో, నెల గడచినను జవాబు రానిచో, రెండు దారులున్నవి. ఒకటి హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్. అచ్చట రుసుము లేదు, వకీలు అక్కరలేదు; 50 లక్షల రూపాయల వరకు పరిహారము నిర్ణయింపవచ్చును; సంస్థ త్రోసిపుచ్చిన సంవత్సరము లోపల అర్జీ పెట్టవలెను. రెండవది జిల్లా వినియోగదారుల కమిషను. 2019 చట్టము ప్రకారము వినియోగదారుడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును, గడువు రెండేండ్లు. కమిషనులోనో న్యాయస్థానములోనో నడుచుచున్న వివాదమును అంబుడ్స్‌మన్ చేపట్టడు. కావున ఏ దారియో ముందే తేల్చుకొనవలెను.

తుదిగా ఒక మాట. సొమ్ముతోపాటు "పూర్తి పరిష్కారముగా స్వీకరించితిని" అను కాగితము వచ్చును. ఇంటిలో ఇబ్బంది ఉన్నవారికి ఆ సంతకము చేయక తప్పదేమో. మోసముచేతనో ఒత్తిడిచేతనో చేయించిన సంతకము ఫిర్యాదునకు అడ్డుకాదని 1999లో సుప్రీముకోర్టు చెప్పినది గాని, ఆ మోసమును ఒత్తిడిని నిరూపింపవలసిన భారము మనదే. అందుచేత అభ్యంతరమున్నచో సంతకమునకు ముందే ఉత్తరము వ్రాసి, దాని రసీదు దాచుకొనుట క్షేమము.

ఈ ప్రసంగము విన్నవారిలో అనేకులకు నేడు ఈ అవసరము ఉండకపోవచ్చును. ఉండకూడదనియే మన కోరిక. అయినను పెట్టెలోనున్న పాలసీని ఒకమారు బయటికి తీసి, ఆ మూడక్షరముల ఎదుట ఏ అంకె ఉన్నదో చూచుకొనుడు. బజారులో నేడు మీ బండి పలుకు వెలకు అది సరిపోవునా? సరిపోనిచో తిరుగ వ్రాయించు నాడు సరిచేయించుకొనుడు. ఆ పని బండి ఇంటిముందు క్షేమముగా నిలిచియున్నప్పుడే చేయదగినది.