చిన్న ఇంజిన్, పెద్ద ఊపిరి

మన రాష్ట్రంలోనే, పెనుకొండ ఫ్యాక్టరీలో తయారయ్యే కియా సోనెట్ రెండు పెట్రోల్ ఇంజిన్లతో వచ్చింది. 1.2 లీటర్లది 115 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. 1.0 లీటర్ టర్బో 172 ఇస్తుంది. చిన్నదానికి అంత బలం ఎక్కడిది?

ఇంజిన్ వదిలే పొగ ఒక టర్బైన్‌ని తిప్పుతుంది. అదే షాఫ్ట్ మీదున్న కంప్రెసర్ సిలిండర్లలోకి గాలిని కుక్కుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోల్ కూడా ఎక్కువ మండించొచ్చు. అంతే.

కానీ ఆ షాఫ్ట్ నిమిషానికి లక్షసార్లకు పైగా తిరగగలదు. దాన్ని కాపాడేది పల్చటి ఆయిల్ పొర. ఆయిల్ పాతబడితే ఆ వేడికి మాడి గడ్డకడుతుంది, బేరింగ్ అరుగుతుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. ఇంకో సమస్య కార్బన్. ఇందులో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల్ని కడిగేది ఏదీ ఉండదు, వాటి మీద మసి పేరుకుంటుంది.

మా ఇంట్లోనూ ఒక చిన్న టర్బో కారుంది. "ఇంకా అన్ని కిలోమీటర్లు తిరగలేదు కదరా" అని నాన్న ఆయిల్ మార్చడం వాయిదా వేసేవారు. గాజువాక ట్రాఫిక్‌లో బండి కదలకపోయినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, కిలోమీటర్ల మీటరుకి అది తెలీదు కదా! అందుకే మాన్యువల్‌లో నెలల లెక్క కూడా ఇస్తారు: ఏది ముందొస్తే అది. పోర్టు వైపు దుమ్ములో తిరిగే బండైతే ఎయిర్ ఫిల్టర్ కూడా తరచూ చూడాలి.

కైలాసగిరి ఎక్కగానే ఇంజిన్ టక్కున ఆపకండి. ఒక్క నిమిషం ఆగండి, టర్బోని కాస్త చల్లబడనివ్వండి.