మీసాల చేపకు ఎర డాల్ఫిన్ నూనె
గంగానదిలో ప్రత్యామ్నాయం ఉన్నా ఆగని ముప్పు

గంగానదిలో బచ్వా, గరువా అనే చేపలను పట్టేందుకు బీహార్ జాలరులు అనుసరిస్తూ వచ్చిన పద్ధతి విచిత్రమైనది. మన గోదావరిలో దొరికే వాలుగ, జెల్లల మాదిరిగానే ఇవీ మీసాల చేపలే. వీటి కోసం గాలానికి ఎర గుచ్చరు. డాల్ఫిన్ మాంసపు ముక్కలను పడవ పక్కన నీటిలో వేలాడదీసి, ఆ జంతువు కొవ్వునుంచి తీసిన నూనెను నీటిపై చిలకరిస్తూ సాగిపోతారు. వాసన పసిగట్టిన చేపలు పైకి వచ్చి, నూనె తెట్టులో ఉన్న ఒట్టి గాలాలకే చిక్కుకుంటాయి.

ఈ నూనెకున్న గిరాకీయే గంగా డాల్ఫిన్‌కు ప్రాణాంతకంగా పరిణమించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దీనికి స్థానం లభించింది. 2009లో కేంద్రం దీనిని జాతీయ జలచరంగా ప్రకటించింది. అయినప్పటికీ నూనె వాడకం పూర్తిగా అంతరించలేదు. దాదాపు చూపులేని ఈ ప్రాణి తాను చేసే శబ్దాల ప్రతిధ్వని ఆధారంగా దారి వెదుక్కుంటుంది. సన్నని నైలాన్ వలలో చిక్కుకుంటే ఊపిరి కోసం పైకి రాలేక మరణిస్తుంది. చనిపోయిన డాల్ఫిన్‌కు ధర పలికినంతకాలం, వలను కోసి దానిని విడిపించాలన్న ఆసక్తి జాలరికి కలగడం కష్టం.

అయితే జాలరిని మాత్రమే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. సుల్తాన్‌గంజ్ నుంచి పీర్‌పైంతీ వరకు సుమారు 80 కిలోమీటర్ల మేర గంగపై ఒకప్పుడు జమీందార్ల పెత్తనం సాగింది. 1982లో కహల్‌గావ్‌లో ప్రారంభమైన గంగా ముక్తి ఆందోళన ఫలితంగా 1990 దశకం ఆరంభంలో అది అంతమయింది. అదే సమయంలో, 1991లో, సుల్తాన్‌గంజ్, కహల్‌గావ్‌ల మధ్య విక్రమశిల డాల్ఫిన్ అభయారణ్యం ఏర్పడింది. నది తమదయిందనుకున్న జాలరులకు కొత్త ఆంక్షలు ఎదురయ్యాయి. అప్పటికే, 1975లో వినియోగంలోకి వచ్చిన ఫరక్కా బ్యారేజీ కారణంగా, సముద్రంనుంచి ఎదురెక్కి వచ్చే పులస బీహార్ నీళ్లలో అరుదైపోయింది. ఈ నేపథ్యంలో బచ్వా, గరువాల వేటను మానుకోమనడం ఆ కుటుంబాలను పస్తులుండమనడమే.

వేట మానకుండానే డాల్ఫిన్‌ను కాపాడే మార్గం ఒకటి ఉన్నది. పాట్నా విశ్వవిద్యాలయ ప్రాణిశాస్త్ర ఆచార్యుడుగా పనిచేసిన రవీంద్రకుమార్ సిన్హా, చేపల తుక్కునుంచి తీసిన నూనె కూడా ఈ చేపలను ఆకర్షిస్తుందని ప్రయోగపూర్వకంగా నిరూపించారు. ఆ ఫలితాలు 2002లో ప్రచురితమయ్యాయి. చేపల అంగళ్లలో వృథాగా పారవేసే పదార్థమే ముడిసరుకు కావడంతో ఖర్చు తక్కువ, జైలు భయం అసలే లేదు. డాల్ఫిన్ల సంరక్షణకు చేసిన కృషికి ఆయనకు 2016లో పద్మశ్రీ లభించింది.

2021-2023 మధ్య జరిపిన సర్వే ఫలితాలు 2025 మార్చిలో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలోని నదీ డాల్ఫిన్ల సంఖ్య 6,327. వీటిలో 2,397 ఉత్తరప్రదేశ్‌లోనూ, 2,220 బీహార్‌లోనూ ఉన్నాయి. వీటిని నిలుపుకోవాలంటే చట్టం ఒక్కటే చాలదు. చేపల తుక్కు నూనెను మత్స్యకార సహకార సంఘాల ద్వారా రేవులకు చేర్చాలి. డాల్ఫిన్‌ను ప్రాణాలతో విడిచిపెట్టేందుకు వల కోసుకున్న జాలరికి ఆ వల ఖరీదు చెల్లించాలి. ప్రయోగాలలో రుజువైన మార్గాన్ని పడవ వరకు తీసుకువెళ్లవలసిన బాధ్యత ప్రభుత్వాలదే.