ఉద్దానం పెద్దల ఖాతాలపై ఫోను దొంగల కన్ను

పొద్దెక్కి బ్యాంకులు తెరిచే వేళకు ఫోను మోగుతుంది. ఇంట్లో డెబ్బై ఏళ్ల ముసలమ్మ ఒక్కతే ఉంటుంది. కొడుకు హైదరాబాదులోనో, విశాఖలోనో, కాకుంటే గల్ఫు దేశంలోనో ఉంటాడు. కొడుకే చేశాడన్న ఆశతో ఆమె గబగబా వచ్చి ఫోను ఎత్తుతుంది.

"మామ్మగారూ, బ్యాంకు మేనేజరుని మాట్లాడుతున్నాను. మీ ఖాతా ఈ సాయంత్రంతో ఆగిపోతుంది."

ఇంగ్లీషు కాదు, హిందీ కాదు, శుభ్రమైన తెలుగు. "మాకేటి తెలుస్తాది బాబూ" అని ఆమె అన్నదంటే అవతలివాడి పని సగం అయిపోయినట్టే. ఫోనుకు ఒక మెసేజీ వస్తుంది, అందులో ఆరంకెలు ఉంటాయి, అవి చదివితే చాలు, బ్యాంకుకు రానక్కరలేదు అని నమ్మబలుకుతాడు. ఆమెకు చదువు రాదు. పక్కింటి కుర్రాడిని కేకేస్తుంది. వాడు అమాయకంగా అంకెలు పైకి చదువుతాడు. ఆ అంకెలే ఖాతాకు తాళంచెవి. వాటిని ఎవరికీ చెప్పవద్దన్న హెచ్చరిక కూడా ఆ మెసేజీలోనే ఉంటుంది గానీ, సాధారణంగా అది ఇంగ్లీషులో ఉంటుంది. ఎవరి కోసం రాశారో ఆ హెచ్చరిక వారికే అందదు.

పలాస, టెక్కలి పరిసరాల్లోనూ, కవిటి నుంచి వజ్రపుకొత్తూరు వరకు ఉన్న ఉద్దానం పల్లెల్లోనూ ఈ మోసానికి అనువైన ఇళ్లు కావలసినన్ని ఉన్నాయి. కొబ్బరి, జీడి తోటల మధ్య పెంకుటిల్లు, అరుగు మీద ముసలి దంపతులు, గోడకు పిల్లల పెళ్లి ఫొటోలు. పని చేయగల వయసువారు వలస వెళ్లిపోయారు. పూర్వం కొడుకు పంపిన మనియార్డరు పోస్టుమాను చేతుల మీదుగా వచ్చేది. నలుగురి ఎదుట నోట్లు లెక్కపెట్టి, సాక్షి పక్కన ఉండగా వేలిముద్ర వేయించుకునేవాడు. ఇప్పుడు సొమ్ము చడీచప్పుడు లేకుండా ఖాతాలోకి వస్తుంది. పోయేటప్పుడూ అంతే.

ఖాతాలో ఏముంటుందిలే అనుకోవడానికి లేదు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను తోటలను నేలమట్టం చేశాక, నష్టపరిహారం ఖాతాలకే జమ అయింది. పీఎం కిసాన్ సొమ్ము విడతకు రెండు వేల చొప్పున అక్కడికే వస్తుంది. పిల్లలు పంపేది, జీడిపిక్కలు అమ్మగా వచ్చినది, మాజీ సైనికుల పింఛను, అన్నీ అందులోనే. అన్నిటికీ మించి వైద్యం ఖర్చు కోసం దాచుకున్నది. మూత్రపిండాల జబ్బు ఉద్దానాన్ని ఎంత పీడిస్తున్నదో వేరే చెప్పనక్కరలేదు. పలాస, టెక్కలి, సోంపేట ఆసుపత్రుల్లో డయాలసిస్ చేయించుకునే మనిషి ఇంట్లో ఉంటే, రానుపోను ఆటోకూ, పరీక్షలకూ, మందులకూ పక్కన పెట్టుకున్న పది ఇరవై వేలు పోవడం అంటే పట్నంలో లక్షలు పోయిన దానికి తక్కువేమీ కాదు.

సాకులకు కొదవ లేదు

మోసగాడు ఊళ్లో జరిగే సంగతులనే వాడుకుంటాడు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 2025 మే 1న రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ ఒక్కటై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. బోర్డులు మారాయి, పాసుపుస్తకాలు మారాయి. ఇవన్నీ కళ్లతో చూసిన రైతుకు, బ్యాంకు మారింది కాబట్టి మీ వివరాలు మళ్లీ చెప్పాలి అని ఎవరైనా ఫోను చేస్తే నిజమే కాబోలనిపిస్తుంది. నవంబరు వచ్చిందంటే రిటైరైన ఉద్యోగులు, సైనికులు బతికి ఉన్నట్టు పత్రం ఇవ్వాలి. ఆ పని ఫోనులోనే చేసిపెడతామనేది మరో సాకు. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఫైలు ఇంకో రకం. దాన్ని నొక్కి ఫోనులోకి ఎక్కించుకుంటే, ఆపైన వచ్చే మెసేజీలన్నీ దొంగకూ కనిపిస్తాయి. ఇక అంకెలు చదివి చెప్పనక్కర కూడా లేదు.

సామాజిక పింఛను మాట వేరు. ప్రతి నెలా మొదటి తేదీన సచివాలయ ఉద్యోగులు ఇంటికే వచ్చి చేతికి ఇస్తున్నారు. అయితే 2024 ఎన్నికల సమయంలో మే, జూన్ నెలల పింఛను చాలామందికి బ్యాంకు ఖాతాలో పడింది. అది గుర్తున్న వృద్ధులకు, మీ పింఛను మళ్లీ బ్యాంకులో వేస్తున్నాం, నెంబరు చెప్పండి అంటే వింతగా తోచదు.

చదువుకున్నవారు ఇవన్నీ పల్లెటూరి వాళ్లకే అనుకుంటే పొరపాటు. వారికోసం వేరే నాటకం సిద్ధంగా ఉంది. పోలీసు దుస్తుల్లో ఒకడు వీడియోలో కనిపిస్తాడు. మీ ఆధార్‌తో దొంగ లావాదేవీలు జరిగాయి, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, గది తలుపు తీయవద్దు, ఇంట్లో ఎవరికీ చెప్పవద్దు అంటాడు. అటువంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. అయినా 2025 అక్టోబరులో కడప జిల్లా మైదుకూరు శాసనసభ్యుడే ఈ విధంగా కోటి రూపాయలకు పైగా పోగొట్టుకున్నట్టు వెల్లడైంది. దేశం మొత్తం మీద ఆన్‌లైన్ మోసాల్లో 2023లో 7,465 కోట్ల రూపాయలు పోగా, 2024లో అది 22,845 కోట్లకు పెరిగిందని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది.

ఆ గొంతు ఎవరిది?

అంత శుభ్రంగా తెలుగు మాట్లాడేది ఎవరు? దీనికి ఒక జవాబు 2024 మే నెలలో బయటపడింది, వింటే బాధ కలుగుతుంది. సింగపూరులో కంప్యూటరు ఉద్యోగాలని చెప్పి, తలకు లక్షన్నర రూపాయల వరకు వసూలు చేసి, ఏజెంట్లు కుర్రాళ్లను బ్యాంకాక్ మీదుగా కంబోడియాకు తరలించినట్టు విశాఖ పోలీసులు కనుగొన్నారు. అలా వెళ్లినవారిలో శ్రీకాకుళం జిల్లా యువకులూ ఉన్నారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, స్వదేశంలోని వారికి ఫోన్లు చేసి మోసగించే పనిలో దించారు. ఒప్పుకోనివారిని కొట్టారు, తిండి మాన్పించారు. మే 20న సిహనూక్‌విల్ పట్టణంలో సుమారు 300 మంది భారతీయులు తిరగబడ్డారు. కొద్దిరోజుల్లోనే మొదటి జట్టు విశాఖ విమానాశ్రయంలో దిగింది.

తల్లిదండ్రులను ఇంట్లో వదిలి బతుకుతెరువుకు పోయిన పిల్లవాడు, ఇంకో ఊళ్లో తన తల్లిలాంటి ముసలమ్మకే ఫోను చేసి దగా చేయవలసిన పరిస్థితి. అందరు మోసగాళ్లూ ఇలా చిక్కుకున్నవారే అనడానికి లేదు. డబ్బు రుచి మరిగి స్వదేశంలోనే ముఠాలు కట్టినవారు ఎందరో ఉన్నారు. జార్ఖండ్‌లోని జామ్‌తాడా ఈ ఫోన్లతోనే దేశమంతటా పేరు మోసింది. కానీ విదేశీ ఉద్యోగమంటూ ఏజెంటు గుమ్మంలోకి వచ్చినప్పుడు ఉద్దానం తల్లిదండ్రులకు ఈ కంబోడియా సంగతి తెలిసి ఉండడం అవసరం.

దోచిన సొమ్ము చేరేది కూడా దొంగ సొంత ఖాతాకు కాదు. నెలకు రెండు మూడు వేలు ఇస్తామంటే కొందరు తమ పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ కార్డు అద్దెకిస్తున్నారు. సొమ్ము ఆ ఖాతాల మీదుగా చేతులు మారి, నిమిషాల్లో వేరే రాష్ట్రంలో డ్రా అయిపోతుంది. పోలీసులు మొదట తలుపు తట్టేది ఖాతా ఎవరి పేరున ఉందో వారి ఇంటికే.

గంట గడిస్తే కష్టం

సొమ్ము పోయిన వెంటనే 1930 నెంబరుకు ఫోను చేస్తే, అది చేరిన ఖాతాలో కదలకుండా ఆపించే ఏర్పాటు 2021 నుంచి ఉంది. ఆలస్యమైన కొద్దీ ఆపడానికి అక్కడ ఏమీ మిగలదు. కానీ ఉద్దానంలో జరిగే ఆలస్యానికి కారణం చాలావరకు తెలియకపోవడం కాదు, భయం. పోలీసులంటే కాదు, కొడుకంటే భయం. "నీకెన్నిసార్లు చెప్పాను" అని తిడతాడనీ, కోడలి ముందు చులకన అవుతామనీ పెద్దవారు నోరు మెదపరు. మందుల కోసం డబ్బు తీయబోతే ఖాతా ఖాళీ అని తేలేదాకా వారం, పది రోజులు గడిచిపోతాయి. ఫోనులో ఆప్యాయంగా మాట్లాడిన దొంగ కంటే, విసుక్కునే కొడుకు వల్ల ఎక్కువ నష్టం జరిగే సందర్భాలు ఇవే.

ఆలస్యానికి ఇంకో చిక్కు ఉంది. రహస్య అంకెలు ఖాతాదారు తానే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేవరకు పోయినది ఆయన నష్టమేననీ, తెలియజేసిన తర్వాత పోయినది బ్యాంకు భరించాలనీ రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వు చెప్పింది. నలభై వేలలో పది వేలు పోగానే ఫిర్యాదు చేసినవాడికీ, మొత్తం పోయాక చేసినవాడికీ తేడా అక్కడే.

చాలా ఖాతాలకు ఉన్న ఫోను నెంబరు ఎప్పటిదో పాతది, లేదా హైదరాబాదులో ఉన్న కొడుకుది. సొమ్ము తీసినట్టు మెసేజీ వచ్చినా పనిలో ఉన్నవాడు సాయంత్రానికి గానీ చూడడు. సంక్రాంతికి పిల్లలు ఊరు వచ్చినప్పుడు ఒక పూట బ్యాంకుకు వెళ్లి నెంబరు సరిచేయించడం, ఫోను ద్వారా రోజుకు ఎంత తీయవచ్చో ఆ మొత్తం తగ్గించుకోవడం పెద్ద పనేమీ కాదు. బ్యాంకులు ఖాతా విషయమై 1600తో మొదలయ్యే నెంబర్ల నుంచే ఫోను చేయాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో ఆదేశించింది. మామూలు పదంకెల నెంబరు నుంచి మాట్లాడే మేనేజరును అనుమానించడానికి ఇది చాలు. 1600 నుంచి వచ్చినా సరే, రహస్య అంకెలు అడిగే బ్యాంకు మాత్రం లేదు.

ఫిర్యాదు ఏ స్టేషనులోనైనా ఇవ్వవచ్చు. మా పరిధి కాదని తిప్పి పంపడానికి వీల్లేదని 2024 జులై 1 నుంచి అమలైన కొత్త చట్టం చెబుతోంది. వజ్రపుకొత్తూరు మనిషి ఆసుపత్రి పని మీద పలాస వచ్చి ఉంటే కాశీబుగ్గ స్టేషనులోనే కాగితం ఇవ్వవచ్చు. పాసుపుస్తకం, ఆధార్ ప్రతి, ఫోను వచ్చిన నెంబరు, సొమ్ము తీసినట్టు వచ్చిన మెసేజీ వెంట ఉంచుకోవాలి. ఆ మెసేజీని భయంతో చెరిపేసేవారే ఎక్కువ. 1930 ద్వారా సొమ్ము ఏదైనా ఖాతాలో ఆగితే, అది తిరిగి చేతికి రావడానికి, మొత్తం పెద్దదైతే కోర్టు ఉత్తర్వు కావాలి. లోక్ అదాలత్‌లో కూడా ఇటువంటివి పరిష్కరిస్తున్నారు.